నేను తిన్న అన్నం ఎటు పోయింది

కోరుట్లలో ఈ మధ్య నాకు ఎదురైన ఆడవాళ్లందరూ ఒకే మాట అడుగుతున్నారు. "ఎట్ల సన్నగైనవ్? మాకు గూడ చెప్పరాదు?" బ్యాంకులో, కూరగాయల దగ్గర, ఆఖరికి పెళ్లిలో భోజనాల వరుసలో కూడా. ఒకామె నా చెయ్యి పట్టుకుని మరీ అడిగింది. రెండో చేతిలో గులాబ్ జామూన్ కప్పు ఉంది.

నేను సన్నబడలేదు. నన్ను ఎవరో లోపలి నుంచి ఖాళీ చేశారు. ఎనిమిది నెలలు నాకు అట్లాగే అనిపించింది. ఒకసారి రాసి పెడితే అడిగిన వాళ్ల చేతిలో ఈ కాగితాలు పెట్టి నా దారిన నేను పోవచ్చు. నాలాగే కడుపునిండా తింటూ ఎండిపోతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, నేను మధ్యలో పోయిన చోటికి పోకుండా తిన్నగా దవాఖానకు పోతే ఇంకా మంచిది.

మాది అన్నదమ్ములిద్దరూ పంచుకున్న జాగా. రెండిళ్లు, మధ్యలో నా గొంతు ఎత్తు గోడ. ఇటు నేను, అత్తమ్మ. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు, పిల్లలు హైదరాబాదులో చదువుతున్నారు. అటు మా మరిది, వాళ్లావిడ లత. లత నాకు యారాలు. బోరు ఒకటే, మోటారు ఒకటే, కాబట్టి గొడవా ఒకటే. ఎవరు ముందు నీళ్లు పట్టుకోవాలన్న సంగతి మీద మేమిద్దరం నెలల తరబడి మాట్లాడుకోని సందర్భాలున్నాయి. అయితే మాటలు ఆగినా గిన్నెలు ఆగవు. పండుగకో పబ్బానికో ఏం వండినా గోడ మీది నుంచి గిన్నె వస్తుంది. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపం. కనీసం ఇంత చక్కెరయినా వేసి ఇస్తాం. అత్తమ్మ పెట్టిన పద్ధతి అది.

పోయిన ఏడాది మృగశిర నాడు లత చేపల పులుసు ఇచ్చింది. ఆ రోజు మా దగ్గర చేప వండని ఇల్లుండదు. పులుసు మీద నూనె ఎర్రగా తేలి ఉంది. రెండుసార్లు వేసుకుని తిన్నాను. బాగుందని మాత్రం చెప్పలేదు, మోటారు గొడవ అప్పటికింకా తెమలలేదు.

సాయంత్రానికి పొట్ట పైభాగంలో నొప్పి మొదలైంది. ముందు నుంచి వీపులోకి దబ్బనం గుచ్చి దారం లాగుతున్నట్టు. వెల్లకిలా పడుకోలేను, ముందుకు వంగి మోకాళ్లు పట్టుకుని కూచుంటేనే ఊపిరి ఆడుతుంది. మరిది నన్నూ అత్తమ్మనూ కారులో జగిత్యాల తీసుకెళ్లాడు. వెనక సీట్లో నా తల పట్టుకున్నది లతే. మాటల్లేవు మాకు, కానీ తల పట్టుకుంది. ఆమె చేతులకు ఇంకా చేపల వాసన.

డాక్టరమ్మ నా ఈడుదే. స్కానింగు చూసి, "క్లోమం వాచిందమ్మా. లోపల రాళ్లు కూడా ఉన్నాయి. చాలా ఏళ్లుగా మెల్లగా పాడవుతూ వస్తోంది," అంది.

క్లోమం! పెళ్లికి ముందు సిరిసిల్లలో ఒక ప్రైవేటు కాలేజీలో నేను జంతుశాస్త్రం చెప్పాను. ఆకు ఆకారంలో ఆ గ్రంథిని పచ్చ చాక్‌పీసుతో ఎన్నిసార్లు గీశానో. పిండి పదార్థానికి ఒక ఎంజైము, మాంసకృత్తులకు ఒకటి, కొవ్వుకు ఒకటి అని పిల్లలతో బట్టీ పట్టించాను. అది నాలోనూ ఒకటి ఉందని, అది నొప్పి పుట్టేదాకా నాకు తోచలేదు.

"పేగులోకి పోయి అన్నాన్ని అరిగించాల్సిన రసం గ్రంథిలోనే పని మొదలుపెట్టింది," అంది డాక్టరమ్మ. "తనను తానే అరిగించుకుంటోంది."

"అంటే నన్ను నేనే తింటున్ననా?"

"ఒక రకంగా అంతే."

ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం ఆ మంచం మీద చలి పుట్టింది. "చేపల పులుసు తిన్నందుకా?" అని అడిగాను. పులుసుది తప్పేం లేదని, ఆ రోజు ఏ నూనె కూర తిన్నా అంతేనని చెప్పింది. బయట బల్ల మీద కూచున్న అత్తమ్మకు నేను ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమె చేపల పులుసు దగ్గరే ఆగిపోయింది.

ఇంటికొచ్చాక నొప్పి తగ్గింది. నెల తర్వాత రమ్మన్నారు. నొప్పి లేనిదానికి దవాఖాన ఎందుకని పోలేదు. అసలు భయం ఆ తర్వాతే మొదలైంది.

శ్రావణమాసంలో నాకు ఆకలి పట్టుకుంది. అది మామూలు ఆకలి కాదు. తిని చెయ్యి కడుక్కుంటుండగానే కడుపులో గుంట పడేది. వేసుకున్న అన్నం ఎవరో కింద నుంచి తీసేసినట్టు. ముందటి కంటే ఎక్కువ తింటున్నాను, రోజురోజుకూ తరిగిపోతున్నాను. గాజులు మోచేతి దాకా జారాయి. అద్దంలో దవడ ఎముకలు నాకంటే ముందు కనబడేవి. రాయడానికి సిగ్గుపడే వయసు దాటాను కాబట్టి ఇంకో సంగతి కూడా రాస్తాను. ఎన్ని నీళ్లు పోసినా పోకుండా మరుగుదొడ్లో తెల్లగా తేలేది. నీళ్ల మీద నూనె తెట్టు. పొద్దున పప్పులో వేసిన పోపు నూనె, నన్ను తాకకుండా నాలోంచి నడిచి వచ్చేసినట్టుండేది. ఆకలి నాది, నమిలేది నేను. బలం మాత్రం నాకు తెలియని వాళ్లెవరికో పోతోంది.

మా ఆయన వీడియో కాల్‌లో నన్ను చూసి ఫోను ముఖం దగ్గరికి జరుపుకున్నాడు.

"ఫోన్ ఖరాబైందా, మొకమే గట్లయిందా?"

"మొకమే. ఫోన్ మంచిగనే ఉన్నది."

"తింటున్నవా లేదా?"

"మీ అమ్మను అడుగు. గంజు ఖాళీ అయితున్నదని లొల్లి పెడుతున్నది."

నిజమే. వండిన అన్నం సరిపోవడం లేదని అత్తమ్మ పాపం ఆశ్చర్యపోయేది. "ఇంట్ల ఇద్దరమే గద బిడ్డా. మూడో మనిషి ఎవ్వలు తింటున్నరే?" అనేది. మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత్తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూసి అనేది.

ఒకరోజు ఆమె తేల్చేసింది. "నీకు మందు పెట్టిండ్రు."

మా వైపు ఇది తెలియని వాళ్లుండరు. గిట్టనివాళ్లు ఏదో పొడి కూరలో కలిపి పెడతారని, అది కడుపులో అతుక్కుని మనిషిని లోపల్లోపల తాగేస్తుందని. ఎవరైనా చిక్కిపోతే మొదట అనుకునేది అదే. పెట్టింది ఎవరో కూడా అత్తమ్మ మనసులో అప్పటికే ఉంది. మృగశిర నాడు గిన్నె ఇచ్చిన చేతులు.

నేను వాదించాను. వాదించడం నాకు అలవాటే. "పులుసు నువ్వు గూడ తిన్నవ్ గదా, నీకెందుకు కాలేదు?"

"నాకెందుకు పెడుతది? నాకేమన్న మోటరున్నదా?"

భాద్రపదంలో, వాదించే ఓపిక కూడా కరిగిపోయాక, ఆమె వెంట పెగడపల్లి వైపు ఒక పల్లెకు పోయాను. చదువుకున్నదానివి ఎట్లా పోయావని అడిగేవాళ్లు, తింటూ తింటూ నెలకింత చొప్పున మాయమై చూడండి. అప్పుడు మాట్లాడదాం.

మందు తీసే మనిషి ముసలాయన. ఇల్లు శుభ్రంగా ఉంది. వాకిట్లో ఐదారుగురు కూచున్నారు, అందరూ నాలాగే ఎముకలు తేలినవాళ్లు. ఒకరినొకరు చూసుకోవడం లేదు. లోపల ఆయన నన్ను చాప మీద పడుకోబెట్టి, ఇత్తడి గొట్టం ఒక కొస నా పొట్టకు ఆనించి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. చర్మం చల్లగా లోపలికి పోయింది. తర్వాత పళ్లెంలో ఏదో ఉమ్మాడు. నల్లటి ఉండ, అందులో వెంట్రుక.

అది ఆయన నోట్లోంచే వచ్చిందని నాకు తెలుసు. తెలిసినా, దాని మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాను.

"నువ్వు తింటున్నది నీకు అందుతలేదు బిడ్డా," అన్నాడు. "లోపల ఇంకొకలు కూసోని తింటున్నరు. నువ్వు తిన్నది తిన్నట్టే నీ కండ్లకు కనవడుతున్నది. అవునా కాదా?"

దొడ్లో తేలేదాని సంగతి నేను అత్తమ్మకు కూడా చెప్పలేదు.

"పెట్టినోళ్లు దూరంల లేరు. నీ గోడవతలనే ఉన్నరు."

"గోడవతల ఎవ్వలో ఒకలు లేనోళ్లు ఉంటరా తాతా?" అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. వాకిట్లో ఉన్న తర్వాతి మనిషిని పిలిచాడు.

తిరిగొచ్చిన రోజు పొద్దుగూకేటప్పుడు వాకిట్లో నిలబడి ఉన్నాను. గోడ మీద స్టీలు గిన్నె మెరిసింది. గిన్నెను పట్టుకున్న రెండు చేతులు. ఆ చేతుల వెనక ముఖం లేదు. ఉండాల్సిన చోట నల్లగా, ఖాళీగా ఉంది. నేను కదల్లేదు. గిన్నె కాసేపు అలాగే గాల్లో నిలబడింది. తర్వాత గోడ మీద పెట్టేసి చేతులు వెనక్కి పోయాయి.

గిన్నెలో ఉన్నది సర్వపిండి రొట్టె. అత్తమ్మ బర్రెకు వేసింది. గిన్నె కడిగి మా అటక మీద పెట్టింది. మా ఇంట్లో ఒక గిన్నె తిరిగి పోకుండా ఉండిపోవడం అదే మొదలు.

ఆ రోజు నుంచి నా చేత్తో నేను వండుకున్నది తప్ప ఏదీ ముట్టలేదు.

బతుకమ్మకు సిరిసిల్ల పోయాను, మా అమ్మ దగ్గరికి. సాంచెల చప్పుడు మధ్య పుట్టినదాన్ని, ఆ మరమగ్గాల శబ్దం వింటే నిద్ర పడుతుందనుకున్నాను. పండుగ రోజు చీకటి పడుతుండగా వీధిలో బతుకమ్మలు పెట్టి ఆడుతున్నారు. నేనూ కలిశాను. పాట వినబడుతోంది, చప్పట్లు వినబడుతున్నాయి. ముందున్న ఆడవాళ్లకు ముఖాలు లేవు. చీరల అంచులు తిరుగుతున్నాయి, దీపం దగ్గరికొచ్చినప్పుడు ముక్కుపుడక ఒకటి మెరిసి ఆరిపోతోంది. ఎవరో నా పేరు పిలిచారు. ఎటు తిరిగినా నల్లటి ఖాళీయే పిలుస్తోంది. కాలు తడబడి బతుకమ్మ మీద పడబోతే ఎవరో పట్టుకున్నారు. అది మా అమ్మ అని, ఆమె మాట్లాడేదాకా నాకు తెలియలేదు.

"కండ్లు కనవడ్తలేవానే?"

"పగలు కనవడ్తున్నయమ్మా. పొద్దుగూకితె మనుషులకు మొకాలుంటలేవు."

అమ్మ అత్తమ్మలాంటిది కాదు. మంత్రం మాట ఎత్తలేదు. తెల్లారగానే తమ్ముడి వెంట జగిత్యాల పంపింది.

డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టలేదు. పేరు చెప్పాక లేచి నిలబడింది. నెలలోనే రావలసింది కదా అని తిట్టింది. తిట్టనిచ్చాను, నాకూ ఒకరు తిడితే బాగుండనిపించింది. తర్వాత అన్నీ విప్పి చెప్పింది. గ్రంథి చాలావరకు ఎండిపోయింది. రసం రావడం లేదు. రసం లేకపోతే అన్నం, పప్పు సగం సగమే అరుగుతాయి, నూనె అసలే విరగదు. విరగని నూనె ఒంటికి పట్టదు, వచ్చిన దారినే పోతుంది. నూనెలో కరిగే విటమిన్లను కూడా వెంటబెట్టుకుని పోతుంది. చీకట్లో చూపునిచ్చేది వాటిలో ఒకటి.

అంటే లత ముఖాన్ని తీసుకుపోయింది నేను అరిగించుకోలేని నూనె.

"గొట్టం పెట్టి పీల్చినాయన లోపల వేరేవాళ్లు తింటున్నారన్నాడు," అన్నాను.

"ఎవరూ తినట్లేదమ్మా. అదే సమస్య. లోపల తినేవాళ్లే లేరు."

ఈ మాటకు నాకు ఆయన మాటకంటే ఎక్కువ భయం వేసింది.

ఎంజైముల గొట్టం బిళ్లలు, అంటే క్యాప్సూళ్లు రాసింది. లోపల సన్నని గింజలుంటాయి. కడుపులోని ఆమ్లం వాటిని చంపకుండా పైన పూత ఉంటుంది, కాబట్టి నమలొద్దు. వేడి వేడి వాటిలో కలపొద్దు. భోజనంతోనే వేసుకోవాలి, మొదటి ముద్దతో ఒకటి, మధ్యలో ఒకటి. కంటికి విటమిను విడిగా ఇచ్చింది. ఆ గింజలు దేనితో చేస్తారని అడిగాను. పంది క్లోమంతో అంది. అత్తమ్మకు ఈ సంగతి ఈ రోజు దాకా తెలియదు. ఇది చదివి ఎవరూ చెప్పొద్దని మనవి.

దీపావళి పోయింది, కార్తీకం సగమైంది. మందు వేసుకుంటున్నాను, అయినా తరుగుతూనే ఉన్నాను. కంటి చూపు రవ్వంత కూడా మారలేదు. ఈసారి అత్తమ్మను వెంటబెట్టుకుని పోయి డాక్టరమ్మతో గొడవకు దిగాను.

"మీ మందు పని చేస్తలేదు. పళ్లెం ముందట కూసోంగనే మొదటి ముద్దతోని మింగుతున్న. ఒక్క పూట తప్పలేదు."

"పళ్లెంలో ఎంత తింటారు?"

"శారెడు అన్నం. అంతకన్న పోతలేదు."

"ఇంత ఆకలున్న మనిషి చారెడేనా?"

అప్పటిదాకా గోడకానుకుని కూచున్న అత్తమ్మ నోరు తెరిచింది. "పళ్లెంల తినేది ఎక్కడిదమ్మా? పొయ్యి కాన్నే అయిపోతది. ఉప్పు చూస్త అని ఇంత, గంజి వంపుకుంట ఇంత, మూకుడు తుడుస్త అని అండ్ల అన్నం కలుపుకోని ఇంత. నిలవడే సగం గంజు లేపుతది. నేనన్న గద, మూడో మనిషి ఎవ్వలని. ఎనుక నుంచి జూసిన. ఇగో, గీమెనే."

"అది తిండా?" అన్నాను నేను. నిజంగానే అన్నాను. పొయ్యి దగ్గర నిలబడి నోట్లో వేసుకున్నది తిండి అని ఏ ఆడదీ లెక్కలోకి తీసుకోదు. మా అమ్మ తీసుకోలేదు, నేనూ తీసుకోలేదు. కూచుని, పళ్లెం పెట్టుకుంటేనే తిన్నట్టు. పైగా వేరేవాళ్ల చేతి తిండి మానేశాక నేను రోజంతా వంటింట్లోనే ఉంటున్నాను.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మరి ఆ అన్నానికి తోడు ఎవరు పోతున్నారు? మీరు బిళ్ల మింగేసరికి అది ముందే వెళ్లిపోయింది. ఆ గింజలు అన్నంతో పాటు నడవాలమ్మా. వెనక పరుగెత్తి పట్టుకోలేవు."

బిళ్లల సంఖ్య పెంచింది. కొన్నాళ్లు వంటింట్లోకే పోవద్దంది. ఎవరైనా వండి, కూచోబెట్టి పెట్టాలంది. ఎవరున్నారని అడిగింది.

అత్తమ్మ చేతులు వణుకుతాయి, పొయ్యి వెలిగించనివ్వం. అమ్మ సిరిసిల్ల వదిలి రాలేదు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మిగిలింది గోడవతల మనిషి ఒక్కతే. నాకు విషం పెట్టిందని మా ఇల్లు అనుకుంటున్న మనిషి. ఆ చేతి అన్నం తినకపోతే నేను శివరాత్రి చూడనని డాక్టరమ్మ చెప్పలేదు. కానీ నా బరువు రాసుకుంటూ ఆమె కాసేపు తల ఎత్తలేదు.

ఇంటికి రాగానే అటక మీది గిన్నె దించాను. ఖాళీది ఇవ్వకూడదు కాబట్టి చక్కెర పోశాను. పట్టపగలే గోడ దగ్గరికి పోయి పిలిచాను. లత వచ్చింది. గిన్నె చూసింది, నన్ను చూసింది. నేను అంతా చెప్పాను, ముసలాయనను, నల్ల ఉండను, బర్రె తిన్న సర్వపిండిని కూడా.

ఆమె గిన్నె అందుకుని పక్కన పెట్టింది. తర్వాత రెండు చేతులూ గోడ మీద పెట్టింది.

"గివేనక్కా మందు పెట్టిన చేతులు. మంచిగ చూసుకో. గీ చేతులతోని వండితె తింటవా?"

"తింట."

"మోటరు సంగతి?"

"అది అదే, ఇది ఇదే."

"బతుకుతవ్ తియ్యి," అంది లత.

మరుసటి రోజు నుంచి మూడు పూటలా వచ్చింది. నన్ను కుర్చీలో కూచోబెట్టి, పళ్లెంలో అన్నం కంటే ముందు బిళ్లలు పెట్టేది. "మొదాలు డాక్టరమ్మ మందు మింగు. తర్వాత నా మందు తిను," అనేది. అత్తమ్మ తల దించుకునేది. ఆమె విననట్టు లత మళ్లీ అనేది. వారాల పాటు ఆ ఎత్తిపొడుపు మా ముగ్గురికీ వడ్డన అయింది. నేను లేచి పొయ్యి వైపు చూస్తే, "కూసో," అనేది. నా జన్మలో నన్ను కూచోబెట్టి ఎవరైనా ఎదురుగా కూచుని తినిపించడం అదే మొదటిసారి. ఆ కుర్చీలో నాకు మొదటి నాలుగు రోజులు ముద్ద దిగలేదు. భయం వల్ల కాదు. ఏం చేయాలో తెలియక.

ఆ తర్వాత ఒక ఉదయం దొడ్లో నీళ్లు మామూలు నీళ్లలా ఉన్నాయి. మీద తెట్టు లేదు. నేను చాలాసేపు దానివైపే చూస్తూ నిలబడ్డాను.

ఒక సంగతి మాత్రం ఆ ముసలాయనకు ఒప్పుకోవాలి. నా కడుపులో ఇప్పుడు నిజంగానే ఇంకొకరు తింటున్నారు. ప్రతి ముద్దనూ నాకంటే ముందు ఒక జంతువు తుంచి, విరిచి నాకు పెడుతోంది. ప్రతి పూటా నేనే దాన్ని పిలిచి కూచోబెడుతున్నాను. మొదటి ముద్ద నోటి దగ్గరికి వచ్చినప్పుడు, లోపల ఎవరో నోరు తెరిచారన్న ఊహ ఇప్పటికీ వస్తుంది. మునుపటంత భయం లేదు.

శివరాత్రి ముందు నేనే వండుకోవడం మొదలుపెట్టాను, పీట వేసుకుని. ఒకరోజు పొద్దుగూకాక వాకిట్లో ఉన్నాను. దీపాలింకా వెయ్యలేదు. గోడ మీద గిన్నె మెరిసింది. రెండు చేతులు. వాటి పైన ఒక గడ్డం, తర్వాత పెదాలు, ముక్కు, కళ్లు. లత ముఖం మొత్తం, చీకట్లోనే.

ఆ ముఖంలో భయం ఉంది. నా వైపు చూస్తున్న చూపు, పిలిస్తే పలుకుతుందో లేదో తెలియని దాన్ని చూసే చూపు. అప్పుడు తట్టింది నాకు. ఇన్ని నెలలూ చీకట్లో నాకే ఆమె కనబడలేదు. ఆమెకు నేను కనబడుతూనే ఉన్నాను. ఎముకలు తేలి, కళ్లు గుంటలుపడి, గిన్నె అందిస్తే అందుకోకుండా, పలకకుండా వాకిట్లో నిలబడి చూస్తున్న ఆకారం. గోడకు అవతల వైపు నుంచి ఆమె రోజూ దేన్ని చూసిందో. అయినా గిన్నె పట్టుకుని వచ్చింది.

"లతా," అన్నాను.

ఆమె ఉలిక్కిపడింది. "కనవడుతున్ననా?"

"కనవడుతున్నవ్. ముక్కు మీద పిండి అంటింది, తుడుసుకో."

ఆమె తుడుచుకోలేదు. రెండు చేతుల్లోనూ గిన్నె ఉంది. "ముందుగల గిన్నె పట్టక్కా," అంది. "మృగశిర కాన్నుంచి పట్టుకోని నిలవడ్డట్టున్నది. చేతులు గుంజుతున్నయి."

పట్టుకున్నాను. గిన్నె వేడిగా ఉంది. లోపలికి పోయి, పీట వేసుకుని కూచుని, ముందు బిళ్ల తీశాను.